నీటిరంగుల బిళ్లలకు బూజు పట్టింది, పారేయాలా?

ప్రశ్న: చేత్తో తయారుచేసిన నీటిరంగుల బిళ్లలు 12 కొన్నాను. వానలు మొదలవగానే రెండింటి మీద తెల్లగా బూజు వచ్చింది. ఇంకొకటి పగిలి డబ్బీలోంచి ఊడిపోయింది. పనికొస్తాయా?

జవాబు: తొందరపడి పారేయకండి. వీటిలో రంగుపొడితో పాటు గమ్ అరబిక్ బంక, కొద్దిగా తేనె లేదా గ్లిజరిన్ ఉంటాయి. తేనె గాలిలోని తేమను లాగుతుంది, బంక బూజుకు ఆహారమవుతుంది. బూజు రాకుండా లవంగ నూనె కలిపిన రంగులకైనా, తడి ఆరకుండా మూత బిగిస్తే బూజు పట్టొచ్చు. బొమ్మ పూర్తయ్యాక బిళ్ల మీద నిలిచిన నీటిని పొడి బ్రష్‌తో పీల్చేసి, మూత తెరిచి రాత్రంతా ఫ్యాన్ గాలికి ఉంచండి. ఎండలో మాత్రం వద్దు. పైపొర ముందే బిగిసిపోయి బీటలిస్తుంది.

బూజు పైపైనే ఉంటే సర్జికల్ స్పిరిట్‌లో ముంచి గట్టిగా పిండిన దూదితో తుడవండి. ఒక్కో బిళ్లకూ కొత్త దూది తీసుకోండి, లేకపోతే బూజు పక్కదానికి అంటుతుంది. డబ్బా లోపలా అలాగే తుడవండి. తుడిచాక కూడా ముక్కిపోయిన వాసన వస్తుంటే ఆ బిళ్లను వదులుకోవడమే మేలు.

పగిలిన రంగు చెడిపోయినట్టు కాదు. డబ్బీ అడుగున ఒక చుక్క నీళ్లు వేసి ముక్కలు పేర్చండి, పైన మరో రెండు చుక్కలు వేయండి. పది నిమిషాలకు మెత్తబడతాయి. అప్పుడు ప్లాస్టిక్ కాగితం పరిచి బొటనవేలితో అదమండి. మెత్తదనం కోసం తేనె కలపొద్దు. అది ఎక్కువైతే కాగితం మీద ఎన్నాళ్లయినా జిగురుగానే ఉంటుంది.

బ్రష్ మొనను పెదవులతో సరిచేసే అలవాటుంటే ఈరోజే మానేయండి. కొన్ని రంగుపొడుల్లో కాడ్మియం, కోబాల్ట్ లాంటి హానికరమైన లోహాలు ఉంటాయి.