పాత బండి స్వింగ్ ఆర్మ్ పగిలితే వెల్డింగ్ చాలా, మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: నాన్నగారు వాడిన యమహా ఆర్ఎక్స్ 100, ఎడమవైపు షాక్ అబ్జార్బర్ బోల్టు దగ్గర స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపే, రెండు కాళ్లున్న ఊగే ఇనుప చట్రం) మీద సన్నటి పగులు. మెకానిక్ చూసి "వెల్డింగ్ పెట్టేద్దాం, ఇంకో పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. నమ్మొచ్చా అని అడుగుతున్నారు. నమ్మకండి. మార్చేయండి.

వెల్డింగ్ అంటే నాకు పడదని కాదు. స్టాండ్ విరిగినా, సైలెన్సర్ బ్రాకెట్ ఊడినా నిక్షేపంగా అతికించుకోండి. అది మళ్లీ ఊడితే దారిలో ఆగుతాం, అంతే. స్వింగ్ ఆర్మ్ సంగతి వేరు. వెనక చక్రం దాని మీదే ఉంటుంది. చైన్ లాగుడు, బ్రేక్ పట్టు, గుంటలో పడ్డప్పుడు రెండు షాక్‌ల దెబ్బ, అన్నీ అదే కాయాలి. నడుస్తుండగా దాని ఒక కాలు విరిగిందంటే చక్రం పక్కకు తిరిగిపోతుంది. అప్పుడు బండి ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. పైగా వెనక సీటు మీద ఇంట్లో వాళ్లే కదా కూర్చునేది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మాదీ అదే బండి. ఉయ్యూరు దగ్గర పల్లెటూరు మాది. మా నాన్న పాల వ్యాపారం చేసేవారు. బండికి అటొకటి ఇటొకటి నలభై లీటర్ల క్యాన్లు కట్టుకుని పొద్దున్నే బయల్దేరేవారు. బండి బరువే వంద కిలోల చిల్లర. దాని మీద మనిషి, ఎనభై లీటర్ల పాలు, క్యాన్ల బరువు. అప్పటి మన రోడ్ల సంగతి వేరే చెప్పాలా! అలా ఏళ్ల తరబడి మోసింది. మధ్యలో ఎప్పుడో స్వింగ్ ఆర్మ్ పగిలితే ఊళ్లోనే వెల్డింగ్ పెట్టించారట. బండి నా చేతికొచ్చేసరికి దాని మీద నల్ల రంగు మందంగా పట్టి ఉంది, అతుకు కంటికి ఆనేది కాదు.

ఒకసారి కరకట్ట మీద విజయవాడ వెళ్తుంటే మలుపు తిరిగిన ప్రతిచోటా వెనక ఎవరో పట్టుకుని పక్కకు లాగుతున్నట్టు అనిపించింది. తిన్నటి రోడ్డు మీద ఏమీ లేదు, మలుపులోనే. మెకానిక్‌కు చూపిస్తే టైరు అన్నాడు, మార్చాం. తర్వాత వీల్ బేరింగులన్నాడు, అవీ మార్చాం. ఆ తర్వాత చైన్ సెట్. చైన్ ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉందని ఆ ఖర్చూ పెట్టించాడు. జేబు ఖాళీ అయింది గానీ మలుపులో ఆ లాగుడు మాత్రం పోలేదు. ఇక్కడ నాకు కోపం వచ్చే విషయం ఒకటుంది. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడటానికి నిమిషం పట్టదు. అలా కదిపినప్పుడు స్వింగ్ ఆర్మ్ ఫ్రేమ్‌కు బిగించినచోట టక్ టక్‌మని ఆడిందంటే, అక్కడ ఆర్మ్ వదులవ్వకుండా ఊగనిచ్చే గొట్టాలు, అంటే బుష్‌లు పోయినట్టే. ఆ నిమిషం ఎవరూ పెట్టరు, పార్టులు మాత్రం వరసగా మార్పిస్తారు.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరకు వెళ్లాను. ఆయన మొదట వెనక చక్రం విప్పించారు. ఎమెరీ పేపర్‌తో అతుకు చుట్టూ రంగు తీసేసి, గుడ్డతో కిరసనాయిలు బాగా పట్టించి కాసేపు వదిలేశారు. తర్వాత పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, బడిలో వాడే సుద్దముక్కను పొడి చేసి దాని మీద పల్చగా అద్దారు. చూస్తుండగానే తెల్లటి పొడిలోంచి తడిగీత ఒకటి పైకి తేలింది. పగుల్లో దూరిన కిరసనాయిలును సుద్ద పైకి పీలుస్తుందన్నమాట. ఆ గీత వెల్డింగ్ మీద లేదు. దాని అంచు వెంబడే మొదలై, పైపు కిందికి సగం దూరం చుట్టుకుంది. పైనుంచి చూస్తే కనిపించింది అంగుళం కూడా లేదు.

"అతుకు గట్టిగానే ఉంది అబ్బాయ్, పక్కనున్న పైపే చచ్చిపోయింది" అన్నారాయన.

అసలు విషయం అదే. పల్చటి పైపు మీద వెల్డింగ్ పెట్టినప్పుడు ఆ వేడికి అతుకు పక్కనున్న ఇనుము గుణం మారిపోతుంది. అతుకు మందంగా, బిర్రుగా ఉంటుంది, పక్కనున్న పైపు పల్చగా ఉంటుంది. ఊగినప్పుడల్లా ఒత్తిడంతా ఆ అంచు దగ్గరే చేరుతుంది. కొత్త పగులు అక్కడే పుడుతుంది. అదీగాక ఆ వేడికి పైపు కాస్త వంగినా చక్రం పక్కకు తిరిగి కూర్చుంటుంది, మీరు చైన్ ఎంత సరిచేసుకున్నా కుదరదు. మీది పాత ఇనుప పైపు కాబట్టి ఇంతటితో పోయింది. ఇప్పటి కొన్ని బళ్లకు వచ్చే అల్యూమినియం స్వింగ్ ఆర్మ్ అయితే వీధిలో వెల్డింగ్ మాటే ఎత్తకూడదు, వేడి తగిలినచోట అది మెత్తబడిపోతుంది.

మేస్త్రి గారు ఆ పాతదాన్ని నా ముందే రంపంతో కోయించారు. కోసిన చోట నేల మీద గుప్పెడు తుప్పు రాలింది, పెచ్చులు పెచ్చులుగా. పైపు గోడ ఒకవైపు బాగానే ఉంది, నీళ్లు నిలిచే అడుగువైపు మాత్రం గోటి మందానికి పల్చబడింది. బయట రంగు చెక్కుచెదరలేదు, లోపలంతా గుల్ల. మీ పగులు కూడా లోపలినుంచే వచ్చి ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఈ వాటర్ వాష్ సెంటర్ల మీద నాకున్న కోపం కూడా ఇదే. అంత ప్రెషర్‌తో నీళ్లు సరిగ్గా బుష్‌ల దగ్గరే కొడతారు. ఉన్న గ్రీజు కొట్టుకుపోతుంది, నీళ్లు లోపల చేరతాయి. మళ్లీ గ్రీజు పెట్టే నాథుడు ఉండడు. నా లెక్కలో పాత బళ్ల స్వింగ్ ఆర్మ్ పగుళ్లలో చాలావాటికి తుప్పుతో పాటు అరిగిన బుష్‌లూ మూలమే. బుష్ వదులైతే ఆర్మ్ పైకీ కిందికీ మాత్రమే ఊగాల్సింది పోయి మెలితిరుగుతుంది, ఆ మెలికే పైపును చంపుతుంది. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి ఇది. అన్నిటికన్నా కొత్త ఆర్ఎక్స్ 100 కూడా ముప్పై ఏళ్లదే. జనం వాటిని లక్షలు పోసి కొంటున్నారు, ట్యాంకుకు మెరిసే రంగులు, కొత్త స్టిక్కర్లు, వెనక లావాటి టైరు. పైన పటారం లోన లొటారం. స్వింగ్ ఆర్మ్ విప్పి చూసినవాడు ఒక్కడు కనిపించడు.

ఇక మార్చేటప్పుడు. మార్కెట్‌లో దొరికే కొత్త డూప్లికేట్ కన్నా, తుప్పు లేని పాత ఒరిజినల్ మేలంటాను. కాకపోతే చూసి కొనాలి. మేస్త్రి గారు ఎలా చూశారంటే, బుష్ రంధ్రాల్లోంచి ఒక తిన్నటి రాడ్, యాక్సిల్ (చక్రం ఇరుసు) రంధ్రాల్లోంచి ఇంకో రాడ్ దూర్చి, ఒక కన్ను మూసి ఒకదాని మీదుగా ఇంకోదాన్ని చూశారు. రెండూ ఒకే గీతలో కలిసిపోవాలి, కత్తెర పడితే ఆర్మ్ మెలితిరిగినట్టు. తర్వాత టేపుతో రెండు రాడ్‌ల మధ్య దూరం ఆ చివరా ఈ చివరా కొలిచారు. ఆయన మొదట తీసినవి పక్కన పడేసి, ఈ రెండిటికీ నిలబడినదాన్నే తీసుకున్నారు. సుద్ద పరీక్ష దానికి కూడా చేశారు.

విప్పడంలో కష్టమంతా ఆర్మ్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే పివట్ బోల్టుతోనే. తుప్పుతో పట్టేసి ఉంటుంది. ముందురోజు రాత్రే రెండువైపులా తుప్పు వదిలే ఆయిల్ పోసి ఉంచమనండి. కొట్టాల్సి వస్తే నట్టును బోల్టు చివరి మరల మీద ఉంచి, చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టాలి, లేకపోతే మరలు పాడైపోతాయి. కొత్త ఆర్మ్‌కు పాత బుష్‌లు మాత్రం వేయనివ్వకండి. గ్రీజు పట్టే రకం బుష్ అయితే దండిగా పట్టించాలి, రబ్బరు రకమైతే మార్చడమే తప్ప గ్రీజు పనికిరాదు. బ్రేక్ ప్లేటు తిరగకుండా ఆర్మ్‌కు పట్టి ఉంచే స్టే రాడ్ పిన్ను కొత్తది వేయించండి, అది మర్చిపోతే ప్లేటు తిరిగిపోయి వెనక బ్రేక్ పోతుంది. చక్రం ఎక్కించాక టైర్ల వెంబడి దారం పట్టి ముందు వెనక చక్రాలు ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. కొంచెం తిరిగాక పివట్ నట్టు ఒకసారి బిగించుకోండి.

ఆర్మ్ మారిస్తే ఆర్సీకి ఇబ్బందా అని కింద కామెంట్లలో ఇంకొకరు అడిగారు. చాసిస్ నంబరు హ్యాండిల్ దగ్గర ఫ్రేమ్ మీద ఉంటుంది, స్వింగ్ ఆర్మ్ మీద కాదు. టెన్షన్ అక్కర్లేదు.

ఎక్కడ వెతికినా దొరకని బండి అయితే వెల్డింగ్ తప్పదు, ఒప్పుకుంటాను. అప్పుడు కూడా పగులు చివర రంధ్రం వేసి, పగులు వెంబడి గాడి తీసి, పివట్‌లోనూ యాక్సిల్‌లోనూ రాడ్‌లు బిగించి ఆర్మ్‌ను కదలకుండా పట్టుకున్నాకే పెట్టాలి. ఆర్ఎక్స్ 100కు ఆ గతి పట్టలేదు, దాని స్పేర్లు ఇంకా దొరుకుతున్నాయి.

ఆర్మ్ విప్పినప్పుడు పివట్ బోల్టు పట్టుకునే ఫ్రేమ్ భాగాన్ని కూడా రంగు తీసి సుద్ద పెట్టి చూడమనండి. అక్కడ గీత తేలితే కొత్త ఆర్మ్ కొనకుండా ఆగండి, ముందు ఆ ఫోటో ఇక్కడ పెట్టండి.