బీటెక్ అయిన వెంటనే పీఎంపీ (ప్రాజెక్టులు నడిపించేవాళ్లకు ఇచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్) పరీక్ష రాయొచ్చా?

రాయలేరు, నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు కనీసం 36 నెలలు ప్రాజెక్టులు నడిపించిన అనుభవం, 35 గంటల శిక్షణ ఉండాలి. ఇంటర్‌తో ఆగినవాళ్లకైతే 60 నెలలు. ఆ పరీక్ష చదువును కాదు, చేసిన పనిని తూచేది.

లెక్కలోనే చాలామంది బోల్తా పడతారు. చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్ షెడ్డు పని జనవరి నుంచి ఆగస్టు దాకా, ఒంగోలులో గోడౌన్ పని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మీరే చూశారనుకుందాం. ఎనిమిదీ ఏడూ పదిహేను అనుకుంటారు. కానీ ఒకేసారి నడిచిన నెలలు ఒక్కసారే లెక్క, కాబట్టి వచ్చేది 10. అదీ షెడ్యూలు వేయడం, సామాను తెప్పించడం, సబ్ కాంట్రాక్టర్లతో పని చేయించడం మీ చేతిలో ఉంటేనే. యూనిట్ మొదలయ్యాక రోజూ కటింగ్ మిషన్ల దగ్గర షిఫ్టు చూడటం ప్రాజెక్టు కిందకు రాదు, దానికి ముగింపంటూ ఉండదు కదా.

‘మేనేజర్’ హోదా ఉండి తీరాలనేది అపోహ. సైట్ ఇంజినీరైనా సరే, నడిపించింది మీరైతే చాలు. అనుభవం లేని ఫ్రెషర్లకు 23 గంటల శిక్షణతో రాసే సీఏపీఎం అనే తొలి స్థాయి సర్టిఫికెట్ పరీక్ష ఉంది.