అమ్మలూ, ముందు కాటా కొను

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంటసేపు నన్నే తిట్టింది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి సింగ్‌నగర్‌లో షెడ్డు అద్దెకి తీసుకున్నావట, ఇళ్లకీ హోటళ్లకీ అడిగిన డిజైన్‌లో లైట్లు చేసిస్తావట. చిన్నప్పుడు నిన్ను నా కొట్లో కూచోబెట్టుకుని ఇత్తడి ముక్కలతో ఆడించిన పాపం ఇలా పండిందట. అన్నీ విని ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యతో అన్నాను, "చూశావా, మన పని మన పిల్లకొచ్చింది" అని. ఈ ముక్క మీ అమ్మకి చెప్పకు. తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే కాగితం మీద రాస్తున్నా. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ కొట్టి ఊరుకుంటావు.

ముందు తేలికవి. సగం అడ్వాన్సు చేతిలో పడందే రేకు కత్తిరించకు. ధర చెప్పేటప్పుడే 18 శాతం జీఎస్టీ సంగతి కూడా చెప్పెయ్. లోహపు లైటు ప్రతిదానికీ ఎర్తు వైరు ఉండాల్సిందే. "ఈ ఇంట్లో ఎర్తింగ్ లేదులెండి" అని ఎలక్ట్రీషియన్ ఆ వైరు కత్తిరించబోతే సామాను సర్దుకుని వచ్చెయ్. ఇత్తడి వెల్డింగ్ చేసేటప్పుడు తలుపులు బార్లా తీసిపెట్టు. ఆ తెల్లటి పొగ జింకుది, రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. పాలు తాగితే విరుగుడని మా మేస్త్రీ అనేవాడు. ఏళ్ల తరబడి తాగాను. జ్వరం తగ్గలేదు, నేను లావయ్యాను.

షెడ్డు అద్దె తక్కువని మురిసిపోతున్నావట. ఎందుకు తక్కువో తెలుసా? 2024 సెప్టెంబరులో బుడమేరు ఆ పేటల్ని ఏం చేసిందో నువ్వు హైదరాబాద్‌లో కూచుని టీవీలో చూశావు, నేను ఇక్కడుండి చూశాను. వైర్లూ, ఎల్‌ఈడీకి కరెంటు సర్ది ఇచ్చే డ్రైవర్లూ, బోర్డులూ మనిషెత్తు పైన అటక కట్టించి అక్కడే పెట్టుకో. ఇత్తడి మునిగితే తోముకోవచ్చు, డ్రైవరు మునిగితే చెత్తబుట్టకే.

తోలుబొమ్మల తోలుతో షేడ్లు చేస్తానన్నావని విని సంతోషించాను. నిమ్మలకుంట వాళ్లు మేకతోలుతో చేసే దీపాలు చూశాను, లోపల లైటు వెయ్యగానే ఆ ఎరుపూ పసుపూ ప్రాణం పోసుకుంటాయి. మా రోజుల్లో అరవై వాట్ల బల్బు దగ్గరగా పెడితే తోలు ముడుచుకుపోయి, కమురు వాసన కొట్టేది. ఎల్‌ఈడీ వచ్చాక ఆ బాధ లేదు. కానీ దాని బాధ దానికుంది. బల్బు వేడి ముందుకొచ్చేది, ఎల్‌ఈడీ వేడి వీపు వైపు పోతుంది. అందంగా ఉందని డ్రైవరుని ఇత్తడి గిన్నెలో మూసిపెట్టావనుకో, మన బెజవాడ మే నెలలో, అదీ ఫాల్స్ సీలింగ్ కింద, లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఏడాది తిరక్కుండానే లైటు మిణుకుమంటుంది. కింద నాలుగు బెజ్జాలు, పైన నాలుగు బెజ్జాలు పెట్టు, వేడి గాలికి దారి దొరుకుతుంది. అన్నట్టు, ఆ తోలు వెనక 2700 కెల్విన్ పసుపు వెలుగే వెయ్యి. 6500 తెల్లటిది వేస్తే రంగులన్నీ జ్వరం తగిలినట్టు పాలిపోతాయి.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1996లో గవర్నర్‌పేటలో ఒక పెద్దింటి హాలుకి ఇత్తడి తామరపువ్వు చేశాను. పదహారు రేకులు, పద్నాలుగు కిలోలు. ఒక్కో రేకూ చేత్తో కొట్టి వంచిందే. స్లాబులోని కొక్కేనికి రెండు చేతులతో వేలాడి మరీ దాని బలం చూశాను. కొక్కెం నుంచి మూరెడు పైపు, ఆ పైపు చివర మర, ఆ మరకి పువ్వు. పది మిల్లీమీటర్ల లావు మర, చుట్టుకి ఒక్క మిల్లీమీటరు లోపలికి పోతుంది. ఇవాళ నువ్వు బజార్లో కొనే లైటు పైపులకీ ఎక్కువగా ఇదే మర ఉంటుంది. పన్నెండు చుట్లు బిగించాను. చాలనుకున్నాను.

ఎనిమిది నెలలయ్యాక కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఆ ఇంటి పెద్దావిడ కనపడి, "ఏమయ్యా, నీ లైటు కిందికి దిగినట్టుందే" అన్నారు. రేకు అంచు నీడ ఇదివరకు గోడమీది స్వామి పటం ఫ్రేముకి ఆనుకుని ఆగేదట, ఇప్పుడు కిరీటం తాకుతోందట. నేను నవ్వాను. "పిన్నిగారూ, కొత్త కళ్లజోడు కదా, అలాగే ఉంటుంది" అన్నాను. దసరా ఆర్డర్లు నెత్తిమీదున్నాయి. అక్కడినుంచి వాళ్లిల్లు రిక్షాలో పది నిమిషాలు. నిచ్చెన ఎక్కి చూడటానికి ఇంకో ఐదు.

పది రోజులకి అది పడిపోయింది. మధ్యాహ్నం, హాల్లో ఎవరూ లేరు. ఆవిడ మనవడు సెలవు రోజుల్లో సరిగ్గా అక్కడే చాపేసుకుని పడుకుంటాడు. ఆ రోజు సోమవారం.

వెళ్లేసరికి మొజాయిక్ నేలలో అరచెయ్యి పట్టేంత గుంట. కొక్కేనికి ఏమీ కాలేదు, పైపుకీ ఏమీ కాలేదు. పైపులోంచి వైరు లాగితే జడలా మెలిపడి వచ్చింది. మెలికలు లెక్కపెట్టాను. పదకొండు. పక్కన తిరిగే ఫ్యాను గాలికి కొంత, పనమ్మాయి దుమ్ము తుడిచేటప్పుడు ఎప్పుడూ ఒకే వైపు తిప్పడం వల్ల కొంత, మర తనంతట తానే విప్పుకుంటూ వచ్చింది. బరువు గురించే ఆలోచించాను, తిరగడం గురించి ఆలోచించలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "చెప్పాను కదయ్యా" అన్నారు, అంతే. డబ్బు తిరిగిస్తానంటే తీసుకోలేదు. మళ్లీ తగిలించమనీ అనలేదు. మూడు రేకులు వంగిన ఆ పువ్వే మా అటక మీద ఉండేది. నువ్వు గోళీలు దాచుకునేదానివి చూడు, అదే.

అందుకని చెబుతున్నా, విసుక్కోకు. మర బిగించాక అది విప్పుకోకుండా వెనక చెక్ నట్ వెయ్యి. పక్కనుంచి తల లేని చిన్న గ్రబ్ స్క్రూ కూడా వెయ్యి, అది పట్టేచోట పైపు మీద డ్రిల్లుతో చిన్న గుంట చెయ్యి, లేకపోతే జారుతుంది. పైపు మీంచి పువ్వు మీదికి ఎర్ర పెయింటుతో గీత గియ్యి. కాస్త తిరిగినా గీత రెండు ముక్కలై కింద నిలబడ్డవాళ్లకి కూడా కనపడుతుంది. లైటు బాడీ నుంచి స్లాబుకి విడిగా ఒక స్టీలు వైర్ రోప్, అదే కొక్కేనికి కాదు, వేరే యాంకరు బోల్టుకి. ఫాల్స్ సీలింగ్ రేకుకి మాత్రం పావుకిలో కూడా వేలాడదియ్యకు. వేలాడే లైటు తన బరువుకి నాలుగింతలు గంటసేపు మొయ్యాలని లైట్లకి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60598లో ఉంది. ఇసుక బస్తాలు కట్టి షెడ్డులోనే చూసుకో. చూసేటప్పుడు కింద నిలబడకు. నువ్వు నిలబడతావు, నాకు తెలుసు. ఆరేళ్లప్పుడు బఫింగ్ మిషన్ ముందు నిలబడి జడ చివర కాల్చుకున్నదానివి.

ఎవరైనా కస్టమరు ఫోన్ చేసి "ఏదో తేడాగా ఉందమ్మా" అంటే, అది పిచ్చిమాటలాగే వినపడినా సరే, ఆ రోజే వెళ్లి నిచ్చెన ఎక్కు. ఆ ఒక్క మాట వింటే నీ మీద నాకు బెంగ లేదు. చెయ్యి నీది నాకంటే మంచిది. నీ పదో తరగతిలో నువ్వు వంచిన రేకు ఇంకా మా దేవుడి గూట్లో దీపం వెనక ఉంది, మీ అత్తయ్య కదపనివ్వదు.

మరలు కోసే నా ట్యాపులూ డైలూ డబ్బాలో పెట్టి ఆదివారం తెస్తాను. గోంగూర పచ్చడి సీసా కూడా. అంతలోపల మొదటి లైటు బరువెంతో నాకు ఫోన్ చేసి చెప్పు. చేత్తో ఎత్తి చూసి సుమారుగా చెప్పడం కాదు, కాటా మీద పెట్టి.

మీ మావయ్య