అడిలైడ్‌లో ఏఎఫ్ఎల్ టికెట్ కొనలేకపోతే రాష్ట్ర లీగ్ చూడొచ్చా? 2018 సీజన్ మొత్తం చూసినవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇదీ: మాస్టర్స్‌కి అడిలైడ్ వచ్చారు, ఏఎఫ్ఎల్ (ఇక్కడి సొంత ఆట ‘ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్’ జాతీయ లీగ్) టికెట్లు బడ్జెట్‌కి అందడం లేదు, ఇక్కడి రాష్ట్ర లీగ్‌కి వెళ్తే ఆట అర్థమవుతుందా, లేక అది ఉత్త రెండో రకం ఆటేనా అని.

రెండో రకమే. అయినా వెళ్లండి.

2018లో మేం ముగ్గురం అడిలైడ్‌లోని ప్రాస్పెక్ట్ అనే పేటలో ఒక యూనిట్ (ఫ్లాట్) అద్దెకు తీసుకున్నాం. పెట్రోల్ బంకులో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్న నన్ను ఒక శనివారం మధ్యాహ్నం సైరన్ మోత లేపింది. ఏ ఫ్యాక్టరీయో అనుకున్నా. తీరా చూస్తే రెండు వీధుల అవతల ప్రాస్పెక్ట్ ఓవల్, నార్త్ అడిలైడ్ క్లబ్ సొంత గ్రౌండ్. నిద్ర ఎలాగూ పోయింది కదా అని వెళ్లాను. అంతే, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నా శనాదివారాలు దానికే అంకితం.

ఆ లీగ్ పేరు ఎస్ఏఎన్ఎఫ్ఎల్, అంటే సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్ర ఫుట్‌బాల్ లీగ్. ఇక్కడివాళ్లు ఒక్క మాటలో ‘శాన్‌ఫుల్’ అంటారు. 1877లో మొదలైంది. పది జట్లు, 18 రౌండ్లు, అంటే ప్రతి జట్టుతోనూ రెండేసి సార్లు. పైన నిలిచిన ఐదు జట్లు ఫైనల్స్‌కి వెళ్తాయి. గెలిస్తే పట్టికలో రెండు పాయింట్లు (ఏఎఫ్ఎల్‌లో నాలుగు, ఈ తేడా గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది). ఆటగాళ్లలో ఎక్కువమంది పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్లే. ఇక్కడి రెండు ఏఎఫ్ఎల్ క్లబ్బులు క్రోస్ (అడిలైడ్), పోర్ట్ అడిలైడ్‌లలో ఆ వారం ఏఎఫ్ఎల్ జట్టులో చోటు దొరకనివాళ్లు కూడా ఇందులోనే ఆడతారు. దీని మీద ఇక్కడి పాత అభిమానుల సణుగుడు ఎప్పుడూ ఉండేదే.

రూల్స్‌కి భయపడకండి. జట్టుకి 18 మంది, నాలుగు క్వార్టర్లు, రెండు వైపులా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి నడుమ తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే ‘బిహైండ్’, ఒక్క పాయింటు. మిగతాది చూస్తూ చూస్తూ ఒంటబడుతుంది. నాకు మూడో మ్యాచ్‌కల్లా అంపైర్‌ని తిట్టడం వచ్చేసింది.

అసలు మజా బ్రేక్‌లో ఉంది. మొదటి క్వార్టర్, మూడో క్వార్టర్ అయ్యాక కంచె గేటు తీస్తారు, జనం గ్రౌండ్‌లోకి వెళ్లొచ్చు. కోచ్ చుట్టూ ఆటగాళ్లు, వాళ్ల చుట్టూ మనం. జులై చలిలో (ఇక్కడ అది చలికాలం) వాళ్ల భుజాల మీంచి ఆవిరి లేస్తుంటుంది. ఒంటికి రాసుకున్న నూనెల ఘాటుకి మా తాతయ్య మంచం పక్క అమృతాంజనం సీసా గుర్తొచ్చేది. కోచ్ తిట్టేవన్నీ మనకి వినిపిస్తాయి. ఇంత దగ్గర నుంచి ఏఎఫ్ఎల్ ఎవరు చూపిస్తారు? ఇంకోవైపు పిల్లలు తమ సొంత బంతులతో తన్నుకుంటూ ఉంటారు. అక్కడ ఒక పెద్దాయన పరిచయమయ్యారు. మీట్ పై మీద సాస్ ఎలా పోసుకోవాలో దగ్గరుండి నేర్పించారు. ‘1991 తర్వాత మాకు కప్పు లేదు’ అని ప్రతి వారం అనేవారు.

ఆ సెప్టెంబర్‌లో ప్రిలిమినరీ ఫైనల్, అంటే సెమీస్ అనుకోండి, అడిలైడ్ ఓవల్‌లో వుడ్‌విల్-వెస్ట్ టోరెన్స్ జట్టు మీద. నార్త్ ఐదు పాయింట్ల తేడాతో గెలిచింది. గొంతు పోయేదాకా అరిచాను. ఇంటికొచ్చేసరికి ఫోన్ నిండా ఒకటే వార్త: నాలుగో క్వార్టర్ మొదట్లో కొన్ని నిమిషాలపాటు నార్త్ తరఫున 19 మంది గ్రౌండ్‌లో ఉన్నారట! మా వైపు స్టాండ్‌లో ఒక్కరూ లెక్కపెట్టలేదు. అవతలి కెప్టెన్ అప్పటికప్పుడు అంపైర్‌ని తలలు లెక్కపెట్టమని అడిగి ఉంటే, రూల్ ప్రకారం అప్పటిదాకా నార్త్ కొట్టిన స్కోరంతా పోయేది. అడగలేదు. గల్లీ క్రికెట్‌లో పన్నెండోవాణ్ని పట్టుకోవడానికి ఒక తమ్ముడు ఎప్పుడూ రెడీగా ఉంటాడు. వీళ్లకి ఆ తమ్ముడు లేకపోయాడు.

విచారణ జరిగింది. ఫలితం మార్చలేదు. నార్త్‌కి 10,000 డాలర్ల జరిమానా, తర్వాతి సీజన్ (2019) పట్టికలో నాలుగు పాయింట్ల కోత. నాలుగంటే ఇక్కడ రెండు విజయాలు. నార్త్ అభిమానినే అయినా చెప్తున్నా, ఐదు పాయింట్ల మ్యాచ్‌లో అది చాలా చిన్న శిక్ష. ఆ వారం పెద్దాయన్ని అడిగితే ‘నేను లెక్కల్లో వీక్’ అని నవ్వేశారు.

తర్వాతి ఆదివారం గ్రాండ్ ఫైనల్, నార్వుడ్ మీద. స్కోరు 19.10 (124) - 15.15 (105). చదివే పద్ధతి: 19 గోల్స్, 10 బిహైండ్స్, కలిపి 124. గోల్స్ పంతొమ్మిది. గెలుపు తేడా కూడా పంతొమ్మిదే! ఆఖరి సైరన్ మోగాక పెద్దాయన అరవలేదు, గంతులేయలేదు. ఎరుపు తెలుపు మఫ్లర్ విప్పి, మడత పెట్టి, జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి వేసుకున్నారు.

కాబట్టి ఇంటికి దగ్గర్లో ఏ క్లబ్ ఉందో చూసుకుని, సీజనంతా దాన్నే పట్టుకోండి. టికెట్ ఏఎఫ్ఎల్ కంటే బాగా చవక. కాస్త ముందే వెళ్తే రిజర్వ్ జట్ల మ్యాచ్ కూడా చూడొచ్చు. మందపాటి జాకెట్ మర్చిపోకండి, జూన్‌లో వాన అడ్డంగా కొడుతుంది. ఇక ఆ ఓడిన జట్టు సొంత గ్రౌండ్ వుడ్‌విల్ ఓవల్‌కి వెళ్తే మాత్రం, పక్కనున్నవాళ్ల దగ్గర 2018 మాట ఎత్తకండి.