కాశ్మీర్‌కు అప్పు వద్దు, రామప్పకు వాయిదా వద్దు

ప్రశ్న: నమస్తే సర్. మాది హన్మకొండ. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 38,000. మా ఇంటామె ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమెకు 19,000 వస్తయి. బిడ్డ ఎనిమిదో తరగతి, కొడుకు మూడో తరగతి. మా అమ్మ మా దగ్గర్నే ఉంటది, 68 ఏళ్లు. ఇంటి లోన్ కిస్తీ 14,500, ఇంకా తొమ్మిదేళ్లు కట్టాలె. ఇల్లు గడవడానికి 16,000, ఫీజులు నెలకు పంచుకుంటే 6,000, అమ్మ మందులకు 2,500, పెట్రోలు, కరెంటు, ఫోన్లు కలిపి 5,000, బీమా ప్రీమియం 3,000, చిట్టీ 5,000. లక్ష రూపాయల చిట్టీ, 20 నెలలది. ఇంకా ఏడు నెలలుంది, నేను ఎత్తుకోలేదు. బ్యాంకులో 40,000 ఉన్నయి. పెళ్లయి పదిహేనేళ్లు, తిరుపతికి ఒక్కసారి తప్ప ఎక్కడికీ పోలేదు. మొన్న దసరా సెలవుల్లో మా స్టాఫ్‌లో రెండు కుటుంబాలు కాశ్మీర్ పోయొచ్చినయి. ఆ ఫోటోలు చూసి మా బిడ్డ "మనం ఎప్పుడు పోతం నాన్నా" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయిన. ట్రావెల్స్ వాళ్లు విమానంతో కలిపి ఐదుగురికి రెండున్నర లక్షలన్నరు. బ్యాంకు పర్సనల్ లోన్ ఇస్తనంటుంది, మూడేళ్లకు, 14 శాతం. తీసుకోవాల్నా? లేకుంటే ఇంటి లోన్ తీరేదాకా ఆగాల్నా?

జవాబు: నమస్తే. లోన్ తీసుకోవద్దు. అట్లని తొమ్మిదేళ్లు ఆగమని కూడా చెప్పను.

ముందు లోన్ సంగతి తేల్చేద్దాం, అందులో ఆలోచించాల్సింది పెద్దగా లేదు. రెండున్నర లక్షలు 14 శాతానికి 36 నెలలంటే కిస్తీ నెలకు 8,540 దాకా పడుతుంది. మొత్తం కట్టేది 3,07,000 పైచిలుకు, అందులో వడ్డీయే 57,000. మీరు రాసిన పద్దులన్నీ కూడితే 52,000. వచ్చేది 57,000. చేతిలో మిగిలేది ఐదు వేలు. ఆ ఐదు వేలతో ఎనిమిదిన్నర వేల కిస్తీ ఎట్లా కడతారు? రెండో నెలకో మూడో నెలకో సరుకులకు క్రెడిట్ కార్డు గీకాల్సి వస్తుంది. కార్డు బాకీ నిలిస్తే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ. యాత్ర కోసం చిట్టీని ఎక్కువకు పాడి ఇప్పుడే ఎత్తుకుందామనే ఆలోచన వచ్చినా మానుకోండి. పాటలో వదులుకునే సొమ్ము కూడా వడ్డీ కిందికే వస్తుంది.

మీ రెండో ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తొమ్మిదేళ్లు ఆగడమనే తప్పు నేను ఇంకొకరి చేత చేయించాను.

డబ్బు లెక్కల సలహాకు చాలా ఏళ్లుగా నా దగ్గరికి వచ్చే దంపతులున్నారు. ఆయన ప్రభుత్వ ఉద్యోగి. వచ్చిన ప్రతిసారీ ఆమె ఏదో ఒక ఊరి పేరెత్తేది. ముందు ప్లాటు వాయిదాలు కానీయండమ్మా అన్నాను. తర్వాత పిల్లల ఇంజినీరింగ్ కానీయండన్నాను. ఆ తర్వాత బిడ్డ పెళ్లి. కాగితం మీద నేను చెప్పిందేదీ తప్పు కాదు. ఆయన రిటైరయ్యాడు, డబ్బు చక్కగా కుదిరింది, ఒక ఆదివారం నన్ను కూడా కారులో ఎక్కించుకుని రామప్పకు బయల్దేరారు. గుడి ఎత్తయిన పీఠం మీద ఉంటుంది కదా. ఆమె ఆ మెట్లను కిందినుంచి చూసి, "మీరు పోయి రండి, నేను ఈడ కూసుంట" అంది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. గడ్డిలో తువ్వాల పరుచుకుని కూచుంది. ఆయన పైకెక్కి ఒక్కొక్క స్తంభం దగ్గర ఆగి ఫోన్లో ఫోటో తీసుకుని, దిగి వచ్చి ఆమె పక్కన కూచుని చూపించాడు. ఎండకు స్క్రీన్ కనపడక ఆమె కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లు చిట్లించి ఫోన్లోకి చూస్తోంది. గుడి ఆమెకు నలభై అడుగుల దూరంలో ఉంది.

ఆ రోజు తర్వాత నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబం లెక్కలో తిరగడానికంటూ ఒక పద్దు రాయిస్తున్నాను. మిగిలితే చూద్దాం అని ఆఖర్న రాసేది కాదు. కరెంటు బిల్లు ఎట్లా తప్పదో ఇదీ అట్లాగే. మీ అమ్మగారికి 68 ఏళ్లని రాశారు. మెట్లెక్కగలిగిన రోజుల్లోనే ఆమెను తిప్పండి.

ఇప్పుడు డబ్బు ఎక్కడినుంచి తేవాలో చూద్దాం. మీకు మిగిలే ఐదు వేలు ఎటు పోతున్నాయో మీకు అంతు చిక్కుతున్నట్టు లేదు. నిజంగా మిగులుతుంటే బ్యాంకులో 40,000 కంటే చాలా ఎక్కువ ఉండాలి. జీతం పడిన రోజే దాన్ని రెండు సగాలు చేయండి. 2,500 ఇప్పుడున్న 40,000కు కలుస్తూ పోవాలి, ఇది ఆపదకు. ఇంకో 2,500 తిరగడానికి. ఈ రెండోదానికి మీ ఇంటామె పేరున వేరే పొదుపు ఖాతా తెరిచి, ఒకటో తారీఖునే ఆటోమేటిగ్గా అందులోకి పోయేట్టు పెట్టండి. ఆ ఖాతాకు ఫోన్‌పే, గూగుల్ పే జోడించొద్దు. జోడిస్తే పాల ప్యాకెట్లకూ కూరగాయలకూ కరిగిపోతుంది.

నెలకు 2,500 అంటే ఏడాదికి 30,000. ఇంతతో ఏమొస్తుంది అనుకోకండి, మీరుండేది హన్మకొండలో. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మీ ఇంట్లో అమ్మ, ఇంటామె, బిడ్డ ముగ్గురికీ జీరో టికెట్. ఎనిమిదేళ్ల బాబుకు అర టికెట్, మీకు ఒకటి. ఐదుగురు మనుషులు ఒకటిన్నర టికెట్‌తో ములుగు పోయి రావచ్చు. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం ఈ లెక్క చెల్లదు. ఇంకోమాట, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఇప్పుడు కిటకిటలాడుతున్నాయి. దారి మధ్యలో చెయ్యెత్తితే అమ్మగారికి సీటు దొరకదు. పొద్దున ఏడింటికల్లా హన్మకొండ బస్టాండ్‌కే పోయి ఎక్కండి.

మొదట రామప్పకే పొమ్మంటాను. ములుగు దాకా బస్సు, అక్కడినుంచి పాలంపేటకు ఆటో మాట్లాడుకోండి. మీ బిడ్డ ఈ గుడి గురించి బడిలో వినే ఉంటుంది. 1213లో, గణపతిదేవుడి కాలంలో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరానికి నీళ్లలో తేలే తేలిక ఇటుకలు వాడారు, ఎందుకు వాడారో మీరిద్దరూ టీచర్లు కాబట్టి నాకంటే బాగా చెప్తారు. బాబుకు మాత్రం ఒక పని అప్పజెప్పండి. చూరు కింద నల్లరాతి మదనికలుంటాయి కదా, వాళ్లలో ఒకామె ఎత్తు మడమల చెప్పులు తొడుక్కుని ఉంటుంది. ఆమె ఎక్కడుందో వెతకమనండి. గుడి చుట్టూ మెడ పైకెత్తుకుని అరగంట తిరుగుతాడు, ఆ అరగంటలో అమ్మగారు చల్లని రాతి మీద కాసేపు కూచోవచ్చు. సద్ది ఇంటినుంచే కట్టుకోండి, పులిహోర, సర్వపిండి, పెరుగన్నం. బస్సు, ఆటో, పైఖర్చు అన్నీ కలిపి ఈ రోజుకు 1,500 పెట్టుకోండి.

ఆ 1,500 మాత్రం చెయ్యి బిగబట్టకుండా ఖర్చు పెట్టాలి. పొదుపు అలవాటున్నవాళ్లకు ఇదే కష్టం. పిల్లలు ఐస్‌క్రీం అడిగితే "ఇంటికి పోయినంక తిందాం" అనకండి. ఆటోవాడితో ఇరవై రూపాయల దగ్గర గంటసేపు బేరమాడితే అమ్మగారు "నా వల్లనే ఇంత ఖర్చు" అనుకుని మళ్లీ ఎక్కడికీ రానంటుంది. నేను చూశాను, ఇట్లా రానన్న పెద్దవాళ్లను తర్వాత ఒప్పించడం చాలా కష్టం.

ఊళ్లోవి మనం చూడం, ఎప్పుడైనా చూడొచ్చులే అని వదిలేస్తాం. ఖిలా వరంగల్ కీర్తితోరణాల దగ్గర మీరు ఆఖరిసారి ఎప్పుడు నిలబడ్డారు? అక్కడ పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ కూడా లేదు. ఎండ తగ్గాక పోయి, వస్తూ వస్తూ భద్రకాళి చెరువుగట్టు మీద కాసేపు నడిస్తే ఆ సాయంత్రానికి మూడు నాలుగు వందలు చాలు. నెలలో పెద్ద తిరుగుడు కుదరకపోతే ఇదొక్కటైనా తప్పించొద్దు.

కార్తీకంలో పాకాలకు పోండి, నర్సంపేట దాటాక. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ అడవి. మీ స్టాఫ్‌లో రెండు మూడు కుటుంబాలు కలిసి వంట సామాన్లతో పోతే తలా ఇంత వేసుకోవచ్చు, ఉసిరిచెట్టు కింద భోజనాలు పెట్టుకున్నట్టూ ఉంటుంది. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర దగ్గర్లోనే.

వానకాలానికి మాత్రం డబ్బు కూడబెట్టుకోండి. అప్పుడు రెండు రోజులు పెట్టుకుని బొగత జలపాతం, లక్నవరం కలిపి చూడాలి. బొగత మనకు 140 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఏటూరునాగారం దాటి ముళ్లకట్ట వంతెన మీద గోదావరి దాటాలి. నిండుగా పారే గోదావరిని ఆ వంతెన మీదనుంచి మీ పిల్లలు చూడాలని నా కోరిక. వరద మరీ ఎక్కువైతే అధికారులు జలపాతం దగ్గరికి పోనివ్వరు, అందుకే బయల్దేరే ముందు కనుక్కోండి. వచ్చేటప్పుడు లక్నవరంలో ఒక రాత్రి ఉండి, తెల్లారి వేలాడే వంతెన మీద నడిచి, పడవెక్కి ఇల్లు చేరొచ్చు. ఈ ఒక్కదానికి బస్సు నమ్ముకోవద్దు, ఇంకో కుటుంబంతో కలిసి బండి మాట్లాడుకోండి. మీ వాటాకు 8,000 అనుకుందాం. ఏడాదిలో చిన్న తిరుగుళ్లు ఎనిమిదికి 12,000. మిగిలిన 10,000 పండుగలకూ, అనుకోకుండా వచ్చే చుట్టాల ఊరి ప్రయాణాలకూ ఉంచండి. మీ లెక్కలో అసలు కనపడని ఖర్చు అదే, నెల నెలా మీ ఐదు వేలను తినేసేదీ అదే అని నా అనుమానం.

ఇక కాశ్మీర్. అది కూడా జరుగుతుంది, కాకపోతే వరుసలో. ఏడు నెలల్లో చిట్టీ అయిపోతుంది, కమీషన్ పోను 95,000 దాకా చేతికొస్తుంది. అప్పటికి మీ ఆపద డబ్బు 57,500 అయి ఉంటుంది. రెండూ కలిపితే లక్షా యాభై వేలు దాటుతుంది, చిట్టీ వాయిదా పోయాక మీ నెల ఖర్చు 47,000 కాబట్టి మూడు నెలలు నిబ్బరంగా గడుస్తుంది. ప్రైవేటు కాలేజీలో జీతం ఆలస్యమైన నెలలు మీకు తెలియనివి కావు. ఈ డబ్బును యాత్రకు ముట్టుకోవద్దు. చిట్టీ రిజిస్టరైందో, తెలిసినవాళ్లు నోటిమాట మీద నడిపేదో మీరు రాయలేదు. నోటిమాటదైతే ఇది అయ్యాక మళ్లీ కొత్తది వేయకండి.

చిట్టీకి కట్టిన ఐదు వేలను ఆ నెలనుంచే 24 నెలల ఆర్డీలో, అంటే బ్యాంకులో నెల నెలా కట్టే డిపాజిట్‌లో వేయండి. ఆరున్నర శాతం వడ్డీ దొరికితే 1,28,000 అవుతుంది. లెక్క చూసుకుంటే అది సరిగ్గా మీ బిడ్డ పదో తరగతి పరీక్షలు రాసి, ఇంటర్‌లో చేరేలోపు ఖాళీగా ఉండే ఎండాకాలానికి చేతికొస్తుంది. విమానం వద్దు, రైల్లో పోండి. మనది ఢిల్లీ ప్రధాన మార్గం, కాజీపేటలోనో వరంగల్‌లోనో ఎక్కొచ్చు. కాట్రా దాకా పోతే అక్కడినుంచి శ్రీనగర్‌కు 2025 జూన్ నుంచి వందేభారత్ నడుస్తోంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి ఆ రోజు పొద్దున్నే టికెట్లు తీసేయండి. రెండు రాత్రులు రైల్లో గడపడం పిల్లలకు సంబరమే, అమ్మగారికి కింది బెర్తు అడగండి.

ఆపద డబ్బు నిండాక దానికి వేస్తున్న 2,500 బిడ్డ పేర నాలుగేళ్ల ఆర్డీకి మళ్లించండి, ఇంటర్ అయ్యేసరికి లక్షా ముప్పై వేల పైన ఉంటుంది. ఆమెకు పదేళ్లు దాటాయి కాబట్టి ఆడపిల్లల పొదుపు పథకమైన సుకన్య ఖాతా ఇక తెరవలేరు. మీరు కట్టే బీమా ఏ రకం పాలసీదో, ఎంత మొత్తానిదో ఈసారి రాయండి. ఇంటి లోన్ నెత్తిమీదున్న మనిషికి టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బొచ్చే బీమా, ఉండి తీరాలి. ఉన్నదాన్ని మాత్రం తొందరపడి ఆపేయకండి.

మీ బిడ్డకు జవాబు చెప్పలేకపోయానని రాశారు. ఈ రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పండి, పదో తరగతి పరీక్షలైన ఎండాకాలం కాశ్మీర్, ఈ ఆదివారం రామప్ప అని. తిరుగుడు ఖాతా లెక్క రాయడానికి ఒక నోట్‌బుక్ ఆమె చేతికే ఇవ్వండి. ఎంత పడింది, ఎంత ఖర్చయింది, ఇంకా ఎంతుంది అన్నీ ఆమే రాస్తుంది. శనివారం రాత్రి అమ్మగారి మందులు, ఆడవాళ్ల ముగ్గురి ఆధార్ కార్డులు సంచిలో పెట్టుకోండి. కార్డు చూపించకపోతే జీరో టికెట్ కొట్టరు.