ముంపులో పోయిన ఊరికీ మ్యాప్‌లో జాగా

ప్రశ్న: మా అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. ఆ ఊరి పాత ఫోటోలు మూడు నాలుగున్నాయి. వాటినీ, ఇన్నేళ్లుగా ఫోన్‌లో తీసుకున్న బడి, పొలం, జాతర ఫోటోలనూ ఒకే మ్యాప్ మీద పెట్టాలని ఉంది. ఫోన్ ఫోటోల్లో కొన్నిటికే జాగా చూపిస్తోంది, ఎందుకని?
– ఒక పాఠకురాలు, కొల్లాపూర్

జవాబు: జాగా లేనివి ఎక్కువగా వాట్సాప్‌లో వచ్చినవే అయ్యుంటాయి. ఫోటోగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించి, లోపలున్న జాగా వివరాన్నీ తీసేస్తుంది. తీసినవాళ్లను అడిగి ఒరిజినల్‌ను డాక్యుమెంట్‌గా తెప్పించుకోండి. మీరు తీసినవాటికే లేకపోతే కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ ఆన్ చేయలేదన్నమాట.

ఆన్‌లో ఉన్నా తప్పు పడొచ్చు. సోమశిలలో బస్సు దిగగానే తీస్తే కొల్లాపూర్ బస్టాండు నమోదైపోవచ్చు. కొత్త జాగా దొరికేలోపు ఫోన్ పాతదే రాసేస్తుంది. మొబైల్ సిగ్నల్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది గానీ ఆలస్యమవుతుంది. ఆరుబయట నిలబడి మ్యాప్ తెరిచి, నీలం చుక్క చుట్టూ వలయం చిన్నదయ్యాక ఫోటో తీయండి. రాతి గుళ్ల లోపలికి ఉపగ్రహ సంకేతం సరిగా అందదు, గుమ్మం బయటే ఒకటి తీసి పెట్టుకోండి.

ముంపు ఊరి ఫోటోలకు మాత్రం చేతిపని తప్పదు. పాత ఫోటోను ఫోన్‌తో తీస్తే తేదీ ఇవాళ్టిది, జాగా మీ ఇంటిది పడుతుంది. గూగుల్ ఫోటోస్‌లో సరిదిద్దినా ఆ మార్పు ఖాతాలోనే ఉంటుంది, ఫైలులోకి ఎక్కదు. అందుకే విడిగా ఎక్సెల్ లాంటి దానిలో ఒక షీట్ రాయండి. ఫైలు పేరు, ఏడాది, అక్షాంశం, రేఖాంశం, ఫోటోలో ఎవరెవరు, అమ్మ చెప్పిన మాట. ఈ చివరి గడిని అమ్మ ఉండగానే నింపండి, మిగతావి తర్వాతైనా దొరుకుతాయి.

ఊరి జాగాకు డ్యామ్ కట్టకముందటి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ (ఊళ్లు, గుట్టలు, ఏర్లు చూపే పటం) మంచి ఆధారం. దొరక్కపోతే గుట్ట ఏ దిక్కున ఉండేది, ఏటికి ఎంత దూరం నడిచేవాళ్లు అని అమ్మను అడిగి పిన్ను పెట్టి, పక్కన ‘అందాజుగా’ అని రాయండి. వేసవిలో నీళ్లు తగ్గి గోడల ఆనవాళ్లు తేలితే అక్కడ నిలబడి తీసిన ఒక్క ఫోటోతో పిన్ను సరిచేసుకోవచ్చు. పైకి ఎండినట్టున్నా లోపల బురద ఉంటుంది, దారి తెలిసిన జాలరి తోడు లేకుండా దిగొద్దు.

షీట్‌ను కంప్యూటర్‌లో సొంత మ్యాప్ చేసుకునే గూగుల్ మై మ్యాప్స్‌లోకి ఎక్కించండి. 10 లేయర్లు (పొరలు), ఒక్కోదానికి 2,000 పిన్నుల దాకా పడతాయి. దశాంశం తర్వాత ఐదంకెలు చాలు, మీటరు తేడాలో వస్తుంది. మీ ప్రాంతానికి అక్షాంశం 16 చిల్లర, రేఖాంశం 78 చిల్లర. ఇవి తారుమారైతే పిన్ను ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర పడుతుంది. ఇప్పుడుంటున్న ఇంటి పిన్నును వేరే మ్యాప్‌లో ఉంచుకోండి. లింకు పంచితే లేయర్లన్నీ కలిసే వెళ్తాయి.