ఉన్న ఆర్డర్లు 11, ఫేస్‌బుక్ లెక్కలో 14

ప్రశ్న: మా వెబ్‌సైట్‌లో ఆవకాయ, గోంగూర పచ్చళ్లు అమ్ముతున్నాం. గత వారం ప్రకటనకు 620 క్లిక్కులు వచ్చాయని ఫేస్‌బుక్ చూపిస్తోంది. సైటుకు వచ్చేవాళ్లను లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌లో ఆ ప్రకటన నుంచి వచ్చిన సెషన్లు (సైటుకు వచ్చి చూసిన విడతలు) 340. ఆర్డర్లు ఫేస్‌బుక్‌లో 14, అనలిటిక్స్‌లో 6, మా పుస్తకంలో అన్నీ కలిపి 11. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: డబ్బు విషయంలో మీ పుస్తకాన్నే నమ్మండి. మిగతా రెండూ వేర్వేరు సంగతులు లెక్కపెడుతున్నాయి.

ఆ 620 ఫేస్‌బుక్ ప్రకటనల పట్టికలో ఏ కాలమ్‌లోదో ముందు చూడండి. ‘క్లిక్స్ ఆల్’ అయితే లైకులు, ‘సీ మోర్’ నొక్కినవి కూడా అందులో కలిసిపోతాయి. ‘లింక్ క్లిక్స్’ (లింకు నొక్కినవి), ‘ల్యాండింగ్ పేజ్ వ్యూస్’ (నొక్కాక మీ పేజీ తెరుచుకున్నవి) పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ బాగా తేడా ఉంటే, పేజీ తెరుచుకునేలోపే జనం వెనక్కి పోతున్నారన్నమాట. జాడీల ఫొటోలు ఫోన్‌లో తీసినవి తీసినట్టే ఎక్కించారేమో చూసి, ఒక్కొక్కటి 200 కేబీ లోపుకు తగ్గించండి. ఇంకొకటి: ఒకే మనిషి పావుగంటలో రెండుసార్లు నొక్కితే క్లిక్కులు రెండు, సెషన్ ఒక్కటే. 30 నిమిషాలు కదలిక లేకపోతేనే అనలిటిక్స్ సెషన్‌ను ముగిస్తుంది.

అనలిటిక్స్‌లో ఆర్డర్లు 6 దగ్గరే ఆగడానికి యూపీఐ కారణం కావచ్చు. డబ్బు కట్టేశాక కొందరు ఆ యాప్‌లోంచే వెళ్లిపోతారు, మీ ‘ధన్యవాదాలు’ పేజీకి తిరిగి రారు. ఆ పేజీ తెరిస్తేనే కొనుగోలు నమోదయ్యేలా ఉంటే ఆ ఆర్డరు లెక్కకు రాదు. తిరిగి వచ్చినవాళ్లను కూడా ప్రకటన కాక, పేమెంట్ గేట్‌వే (మీ సైటు తరఫున డబ్బు కట్టించుకునే సేవ) పంపినట్టు అనలిటిక్స్ రాసుకునే ప్రమాదముంది. గేట్‌వే డొమైన్‌ను (వెబ్ చిరునామాను) అనలిటిక్స్ సెట్టింగుల్లో ‘అన్‌వాంటెడ్ రెఫరల్స్’ జాబితాలో చేర్చండి.

అసలు చిక్కు ఆ 14. క్లిక్ చేసిన 7 రోజుల్లోపు, నొక్కకుండా చూసినా 1 రోజులోపు కొంటే, ఆ అమ్మకాన్ని ఫేస్‌బుక్ మామూలుగా తన ఖాతాలో వేసుకుంటుంది. అలా వేసుకున్నా ఉన్నవి 11 కదా! ఒకే ఆర్డరు రెండుసార్లు పడుతోందని నా గట్టి అనుమానం. పిక్సెల్ (మీ పేజీల్లో పెట్టిన ఫేస్‌బుక్ కోడు) నుంచి ఒకసారి, మీ సైటు సర్వర్ నుంచి ఇంకోసారి సమాచారం వెళ్తుంటే రెండింటికీ ఒకే ఈవెంట్ ఐడీ (ఆ కొనుగోలు గుర్తింపు సంఖ్య) ఉండాలి; లేకపోతే రెండు కొనుగోళ్లుగా లెక్కపడతాయి. ‘ధన్యవాదాలు’ పేజీని రిఫ్రెష్ చేసినా కొనుగోలు మళ్లీ నమోదు కావచ్చు.

ఫేస్‌బుక్ ఈవెంట్స్ మేనేజర్‌లో ‘టెస్ట్ ఈవెంట్స్’ తెరిచి, మీరే ఒక చిన్న ఆర్డరు పెట్టండి. చివరి పేజీని రెండుసార్లు రిఫ్రెష్ చేయండి. ‘పర్చేజ్’ (కొనుగోలు) ఒకటికి మించి కనిపిస్తే ఆ తెరను ఫొటో తీసి, సైటు చేసినవాళ్లకు పంపండి.